భీమిలి దారి - తొడల బాధ

విశాఖపట్నం నుంచి భీమిలికి సముద్రం వొడ్డునే సాగిపోయే రోడ్డును గురించి ఇదివరకే చాలామంది రాశారు. కారులో వెళ్లినవారు సముద్రపు రంగులను వర్ణించారు. బస్సులో వెళ్లినవారు కిటికీ పక్క సీటు దొరికిన భాగ్యాన్ని వర్ణించారు. సైకిలు మీద వెళ్లినవారు మాత్రం కలం పట్టిన దాఖలా నాకు అంతగా కనబడలేదు. కారణం వూహించడం కష్టం కాదు. ఇల్లు చేరేసరికి సముద్రం మనసులోంచి జారిపోతుంది, తొడలు మాత్రం జ్ఞాపకం వుంటాయి. అంచేత ఈ వ్యాసంలో సముద్రంతోపాటు తొడల ప్రసక్తి కూడా తప్పదు. పాఠకులు మన్నించాలి.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నలభై దాటి కొన్నేళ్లయింది. కాలేజీకి రోజూ సైకిలు మీదే వెళ్లివస్తాను. ఆదివారం తెల్లవారుజామున నలుగురైదుగురం జట్టుగా భీమిలి బయల్దేరతాం. రామకృష్ణా బీచి నుంచి పాతికకు పైచిలుకు కిలోమీటర్లు. రానూపోనూ యాభై దాటుతుంది. ఆదివారం బాగానే వుంటుంది. చిక్కంతా సోమవారం నాడు. మేడమెట్లు దిగేటప్పుడు నేను తీసే మూలుగులు విని మా ఆవిడ, “ఈ వయసులో ఈ తొక్కుడు ఎందుకండీ? ఆ సైకిలు ఎవరికైనా ఇచ్చేయరాదూ?” అంటుంది. జట్టులోని కుర్రవాడు ఇందుకు విరుద్ధం. “నొప్పిని లెక్కచేస్తే ఎలా మాస్టారూ, తొక్కేయాలంతే!” అంటాడు.

మానుకోవడమా, లెక్కచేయకుండా తొక్కడమా? ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. ఇద్దరూ నొప్పిని ఒకే వస్తువు అనుకుంటున్నారు. మన భాష ఎప్పుడూ అలా అనుకోలేదు. తొడ పీకుతుంది, సలుపుతుంది, గుంజుతుంది, మండుతుంది, పొడుస్తుంది, పట్టేస్తుంది, తిమ్మిరెక్కుతుంది, కొంకర్లు పోతుంది. కాగితం మీద ఇవన్నీ ఒకదానికొకటి బదులు వాడుకోదగ్గ మాటల్లా కనిపించవచ్చు. కాలి దగ్గర మాత్రం అలా కుదరదు. ఒక్కొక్క మాటకు కారణం వేరు, చేయవలసిన పని వేరు. ఈ సంగతి భీమిలి రోడ్డు మీద తెలిసినంత బాగా మరెక్కడా తెలియదు. ఎందుకంటే ఆ రోడ్డు వీటిలో చాలావాటిని మజిలీల వారీగా చూపిస్తుంది.

బయల్దేరే చోట రోడ్డు పళ్లెంలా చదునుగా వుంటుంది. ఎడమచేతివైపు హోటళ్లు, కుడిచేతివైపు సముద్రం, ఇసుకలో దిగబెట్టిన కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి పుచ్చుకుని, 2002 నుంచి ప్రదర్శనశాలగా వొడ్డున స్థిరపడింది. దాని నీడన ఆగి మేము సీట్లు చూసుకుంటాం. కొత్తగా జట్టులో చేరినవాళ్ల సీట్లు చాలావరకు కిందికి వుంటాయి. కాళ్లు రెండూ నేలకు ఆనాలని దించుకుంటారు. అలా తొక్కితే మోకాలు ఎప్పుడూ ముడుచుకునే వుండి, తొడ ముందుభాగం మీదా మోకాలిచిప్ప మీదా భారం పడుతుంది. తొడ ముందువైపు నాలుగు కండరాలున్నాయి. పెడలును పైనుంచి కిందికి నొక్కే పనిలో పెద్ద వాటా వాటిది, పిరుదులది. సీటు మరీ ఎత్తయినా కష్టమే. నడుము అటూ ఇటూ వూగి తొడ వెనకభాగం గుంజుతుంది.

కొలత తేలిక. సీటు మీద కూచుని, మడమను పెడలు మీద ఆనించి, పెడలును అట్టడుక్కు తేవాలి. మోకాలు అప్పుడు సరిగ్గా నిటారు కావాలి. తరవాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలికి కావలసిన కొద్దిపాటి వంపు దానంతటదే వస్తుంది. ఒక స్పానరు, రెండు నిమిషాల కాలం. సగం మంది తొడనొప్పులకు ఇంతకు మించిన వైద్యం అక్కర్లేదని మా జట్టులో పెద్దాయన అంటాడు. సగమో పావో నేను లెక్కకట్టలేదు గాని, మందుల షాపుకు వెళ్లేముందు సైకిలు షాపుకు వెళ్లడం మంచిదే.

లాసన్స్ బే దాటి జోడుగుళ్లపాలెం చేరగానే తెన్నేటి పార్కు వస్తుంది. అక్కడినుంచి కైలాసగిరి పాదం పట్టుకుని రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి లేస్తుంది. కుడివైపు బండలమీద అలలు విరిగే చప్పుడు, ఎడమవైపు కొండ. ఇక్కడే తొడలు మొదటి మాట మాట్లాడతాయి. ఆ మాట ‘మంట’. ఎక్కుడు పెరిగినకొద్దీ మంట పెరుగుతుంది, కొస దాటి నాలుగు నిమిషాలు కాలు ఆడిస్తే చల్లారుతుంది.

ఈ మంటను గురించి ఒక పాత అపోహ వుంది. శ్రమవల్ల కండరంలో లాక్టిక్ ఆమ్లం చేరి, అది అక్కడే పేరుకుని రెండు మూడు రోజులు బాధిస్తుందని చాలాకాలం అందరూ చెప్పుకున్నారు. కండరాల వేడిని గురించీ, ఈ ఆమ్లాన్ని గురించీ పరిశోధించిన ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మయర్‌హోఫ్ గార్లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది గనక, పాపం, ఆ పేరు జనం నోళ్లలో బాగా నానింది. తరవాత తేలినదేమంటే, శ్రమలో పుట్టిన ఆ పదార్థం పని ఆపిన గంట, గంటన్నరలోపునే తగ్గిపోతుంది. కండరమూ గుండే దాన్ని ఇంధనంగా కూడా వాడుకుంటాయి. సోమవారం నాటి బాధను దాని నెత్తిన రుద్దడం అన్యాయం.

ఎక్కుట్లో మంటకు మందు గేరు. బరువు గేరులో పళ్లు బిగించి నిమిషానికి 50 చుట్లు తొక్కడం కంటె, తేలిక గేరులో 80, 90 చుట్లు తొక్కితే ఒక్కొక్క తొక్కుడుకూ తొడమీద పడే బరువు తగ్గుతుంది. ఆయాసం కాస్త పెరుగుతుందనుకోండి. అయితే ఆయాసం కొండ మీదే తీరిపోతుంది, తొడ అలసట ఇంటిదాకా వస్తుంది. గేర్లు లేని సైకిలు గలవారికి ఇంకా మంచి ఉపాయం వుంది. దాన్ని చెప్పినాయన కొంత దూరంలో తారసపడతాడు.

సాగర్‌నగర్ దాటితే రుషికొండ. స్నానాలకు వచ్చినవాళ్ల సందడి. ఇక్కడినుంచి గాలిని లెక్కలోకి తీసుకోవాలి. భీమిలి విశాఖకు ఈశాన్యంగా వుంది. వేసవిలో గాలి నైరుతినుంచి వీస్తుంది. అంటే పోయేటప్పుడు వీపున చెయ్యి వేసి తోసుకుపోతుంది. ‘అబ్బో, ఇవాళ నా కాళ్లలో ఎంత సత్తువ!’ అని మనిషి మురిసిపోతాడు. అది గాలి ఇచ్చిన అప్పు. పది గంటల ఎండలో తిరుగు ప్రయాణం కట్టినప్పుడు వడ్డీతో సహా వసూలు చేస్తుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఇది తలకిందులై, వెళ్లేటప్పుడే ఎదురుగాలి కొడుతుంది. మా జట్టుకు అందుకే ఆ నెలలంటే ఇష్టం. కష్టం ముందు, సుఖం వెనక. వేసవిలో మాత్రం వెళ్లేటప్పుడే ‘సగం బలం దాచుకోండర్రా’ అని ఒకరికొకరు చెప్పుకుంటాం. నీళ్ల సీసా దాహం వేసేదాకా ఆగకుండా తీస్తాం. మన తీరపు ఉక్కలో చెమట తొందరగా ఆరదు. కారిపోయినది ఎంతో తెలియదు.

పదహారో కిలోమీటరు దగ్గర ఎడమచేతివైపు తొట్లకొండ. సుమారు రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన చోటు. 1970ల్లో నౌకాదళం వారి సర్వేలో బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖవారు తవ్వించారు. స్తూపాల పునాదులు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు కనిపిస్తాయి. ఆ తొట్లవల్లే కొండకా పేరు. పైన నిలబడితే సముద్రం అర్ధచంద్రాకారంగా కనబడుతుంది. వానాకాలపు మూడు నెలలూ ఒకచోట వుండవలసిన భిక్షువులు నీళ్లు నిలవ చేసుకునే కొండను ఎన్నుకోవడంలో ఎంత వివేకం వుందో, రోజూ ఇంత ఎత్తు ఎక్కి దిగడానికి వాళ్ల తొడల్లో ఎంత బలం వుండాలో అనిపిస్తుంది.

మేము సైకిళ్లు కింద తాళాలు వేసి, నడిచి ఎక్కి నడిచి దిగేవాళ్లం. సోమవారం రహస్యం నాకు ఇక్కడే దొరికింది. కొన్ని వారాలు జాగ్రత్తగా గమనించాను. తొట్లకొండ ఎక్కని ఆదివారాల మర్నాడు మేడమెట్లు నన్ను అంతగా బాధించడం లేదు. ఎక్కిన ఆదివారాల తరవాత మాత్రం సోమవారం సాయంకాలానికి తొడలు ముట్టుకోనివ్వవు, మంగళవారం ఇంకా ముదురుతుంది. మా కాలేజీలో జీవశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగితే ఆయన నవ్వి, “నేరం ఎక్కినదానిది కాదు, దిగినదానిది” అన్నాడు.

ఆయన చెప్పిన సంగతి ఇది. పెడలు తొక్కేటప్పుడు తొడ కండరం కురచ అవుతూ పనిచేస్తుంది. కొండ దిగేటప్పుడు ఒంటి బరువు ముందుకు పడిపోకుండా ఆపడానికి అదే కండరం సాగుతూ బిగబట్టవలసి వస్తుంది. బిగించిన తాడును గుంజినట్టన్నమాట. అలవాటులేని కండరంలో ఆ సాగుడుకు కంటికి కనబడనంత సన్నని చిరుగులు పడతాయి. థియొడోర్ హఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1902లోనే ఈ ఆలస్యపు నొప్పికి కండరంలో చిరుగులే కారణమై వుండాలని రాశాడు. ఈ నొప్పి అప్పటికప్పుడు రాదు. పన్నెండు గంటలకో, ఇరవైనాలుగు గంటలకో మొదలై, రెండో మూడో రోజున ముదిరి, వారం లోపల తగ్గిపోతుంది. దీనికి మన మాట ‘పీకడం’. రెండు తొడలూ సమంగా, మొండిగా పీకుతాయి. ఇది కండరం తనను తాను మరమ్మతు చేసుకుంటున్న చప్పుడు. మరోసారి అదే పని చేస్తే పీకుడు తక్కువగా వుంటుంది.

ఇంతకీ, మా ఆవిడ శిక్ష వేయమన్న సైకిలు ఈ కేసులో ప్రధాన ముద్దాయే కాదు! కొత్తగా దూరం తొక్కినా, ఎక్కుళ్లు ఎక్కువైనా సైకిలువల్లా పీకుడు వస్తుందిగాని, దిగుడు నడకంత రాదు. తొట్లకొండను వదిలేయలేదు. నెలకొకసారి వెళ్లేదాన్ని రెండుసార్లు చేశాను, చిన్న అడుగులు వేస్తూ దిగుతున్నాను. తొడలు ఆ పాఠం కూడా నేర్చుకున్నాయి.

తొట్లకొండ దిగువన మంగమారిపేట, చేపలు పట్టేవారి వూరు. ఆ ప్రాంతంలో వేసవిలో మాకు ఒక ముసలాయన కలుస్తూ వుండేవాడు. పాత నల్ల సైకిలు, గేర్లు లేవు, వెనక రెండు పక్కలా తాటిముంజెల బుట్టలు. ఒకసారి ముంజెలు తింటూ, “ఏం తాతా, ఇంత బరువుతో తొక్కుతావు, తొడలు నొప్పెట్టవూ?” అని అడిగాను.

“నొప్పెట్టకేటి బాబూ! మీకంటే ఆదివారం వుంది. ముంజికి ఆదివారం వుందేటి? నిన్నటి ముంజి ఇయ్యాల ఎవులు తింతారు?”

“మరి ఆ కైలాసగిరి ఎక్కుడు ఎలా ఎక్కుతావు?”

“ఎక్కుతానన్నానేటి? ఎక్కుడొస్తే దిగిపోతాను. నడిపించుకు పోతాను. సైకిలు పాడైతే కొట్లో కొత్త చక్రం ఇస్తారు, తొడ పాడైతే ఎవులిత్తారు?”

గేర్లు లేనివారికి ఉపాయం ఇదే. దిగిపోవడంలో చిన్నతనం లేదు. ఆయన మాట విన్నప్పటినుంచి నాకు మరొకటి కూడా తట్టింది. రెండు రోజులు విశ్రాంతి తీసుకోండని పత్రికల్లో రాయడం సులువు. కాలు ఆడితేగాని డొక్కాడనివాడికి విశ్రాంతి అనేది మందుల షాపులో లేని మందు. అతడికి పనికివచ్చే వైద్యం సరైన ఎత్తున్న సీటు, నూనె వేసిన చైను, గాలి నిండుగా వున్న టైర్లు, ఎక్కుళ్లో దిగి నడవడం. ఇవి ఖర్చులేనివి. అతడికి మేలు చేసేవి మనకూ మేలు చేస్తాయి.

ఇంకొంత దూరం పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఇనుము తుప్పు రంగెక్కిన ఇసుక వేల ఏళ్లుగా పేరుకుని, వాన కోతకు లోయలుగా చీలి, సముద్రం పక్కనే మరో లోకంలా నిలబడింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. దిబ్బల్లోకి సైకిళ్లు దింపకుండా బయటనే నిలిపి చూసి పోవడం మర్యాద.

అక్కడినుంచి భీమిలి ఎంతో దూరం లేదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చిన గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి దిగిన రేవు ఇది. వారి సమాధులు ఇప్పటికీ వున్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత పట్టణం. వీధులు నెమ్మదిగా వుంటాయి. లైట్‌హౌస్‌కు దగ్గర్లో టీ తాగి, సమాధుల తోట గోడ నీడన కాళ్లు చాపుకుని కూచోవడం మా ఆనవాయితీ.

ఒక ఆదివారం ఆ నీడలోనే మా జట్టులో ఒకాయన, యాభై దాటినవాడు, ఎడమ తొడ నొక్కుకుంటూ కూచున్నాడు. ఆ వారమే ఢిల్లీనుంచి రైల్లో తిరిగివచ్చాడు. కుర్రవాడు మామూలుగా, “పీకుడే కదండీ, తొక్కితే పోతుంది” అన్నాడు. ఆయన తల అడ్డంగా తిప్పి, “పీకడం కాదోయ్. పీకడం నాకు తెలియదా? ఇది బరువు. కాలికి ఇసుక మూట కట్టినట్టుంది. ఈ ఒక్క కాలికే” అన్నాడు. పంట్లాము పైకి లాగితే ఎడమకాలు కుడికాలి కంటె లావుగా, వేడిగా వుంది.

జీవశాస్త్రం మిత్రుడు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన్ను మళ్లీ సైకిలు ఎక్కనివ్వలేదు, ఎవరినీ కాలు పిసకనివ్వలేదు. ఆటో మాట్లాడి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాడు. స్కానింగులో తొడ లోపలి సిరలో నెత్తురు గడ్డ కట్టిందని తేలింది. గంటలకొద్దీ కదలకుండా కూచునే ప్రయాణాల తరవాత అలా జరగవచ్చునట. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. నెత్తురు పలచబరిచే మందులు వాడి, వైద్యులు సరేనన్నాక, కొన్ని నెలలకు ఆయన మళ్లీ మాతో భీమిలి వచ్చాడు. ‘పీకడం’ ‘బరువు’ అన్న రెండు మాటలకు తేడా తెలిసిన మనిషి గనక బతికిపోయాడని నేను ఇప్పటికీ అనుకుంటూ వుంటాను.

వైద్యుడి దగ్గరికి తక్షణం వెళ్లవలసిన మాటలు ఇంకా కొన్ని వున్నాయి. తొక్కుతుండగా తొడలో ఏదో తెగినట్టు ‘పొడిస్తే’ ఆ రోజుకు అక్కడే దిగిపోవాలి. విపరీతమైన శ్రమ తరవాత తొడలు వాచి, మూత్రం కషాయం రంగులో వస్తే క్షణం ఆలస్యం చేయరాదు. కండరం చితికి మూత్రపిండాలమీద దెబ్బతీస్తున్నదన్నమాట. నడుములో పుట్టి తొడ వెనకనుంచి కిందికి జారే ‘గుంజుడు’ తొడది కాదు, వెన్నుది. తొడ బయటివైపున ఎడతెగని ‘తిమ్మిరి’, మంట వుంటే బిగుతు బెల్టువల్ల నరం నొక్కుకుని వుండవచ్చు. కొలెస్టరాలుకు మాత్రలు వాడేవారిలో కొందరికి శ్రమతో నిమిత్తం లేకుండా కండరాలు ‘సలుపుతాయి’. అలా అని మాత్రలు సొంతంగా మానేయకూడదు, ఇచ్చిన వైద్యుడికే చెప్పుకోవాలి.

ఇవేవీ కాక ఉత్త పీకుడే అయితే దానికి పెద్ద హంగామా అక్కర్లేదు. మర్నాడు పూర్తిగా మంచం ఎక్కడం కంటె, బజారుదాకా తేలిగ్గా తొక్కడమో నడవడమో మేలు. వేణ్ణీళ్ల స్నానం హాయినిస్తుంది. చేతితో సుతారంగా మర్దన చేసినా కొంత ఉపశమనం. సాగదీసే కసరత్తులు ఒంటికి మంచివే గాని, వాటివల్ల ఈ పీకుడు ఏమంత తగ్గదని పరీక్షల్లో తేలింది. నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ దూరం తొక్కడం, కాపలావాడికి మత్తుమందు పెట్టి ఇల్లు తెరిచి వుంచడం లాంటిది. పెసరట్టో, గుడ్డో, పప్పూ పెరుగో తిని కంటినిండా నిద్రపోతే కండరం తన పని తాను చేసుకుంటుంది. దూరాన్ని వారానికి పదోవంతుకు మించి పెంచవద్దని సైకిలువాళ్లలో ఒక మోటు లెక్క వుంది. మోటుదే అయినా మంచిది.

మా ఇంట్లో వివాదం ఒక రాజీకి వచ్చింది. సోమవారం నాడు నేను మూలిగితే మా ఆవిడ సైకిలు మాట ఎత్తదు. “ఏమంటోంది? పీకుతోందా, సలుపుతోందా, బరువుగా వుందా?” అని అడుగుతుంది. రెండు తొడలా, ఒక్కటేనా అని కూడా అడుగుతుంది. పీకుతోందంటే వేణ్ణీళ్లు పెడుతుంది. మరో మాట చెబితే ఆసుపత్రికి బయల్దేరదీస్తానని హెచ్చరించి వుంచింది. ఆదివారం భీమిలి బయల్దేరేవారు సీసాలో నీళ్లతోపాటు ఈ నాలుగు ప్రశ్నలు కూడా వెంట తీసుకువెళ్లడం మంచిది. తెన్నేటి పార్కు ఎక్కుడు రాగానే గేరు మార్చండి. గేరు లేకపోతే దిగి నడవండి. అక్కడ సముద్రం చాలా బాగుంటుంది.